ఈ నెల జీతం ఎవరిస్తున్నారు? అమెరికా స్టేట్ యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీ పీహెచ్‌డీ చేయాలనుకునేవాళ్లకి

అమెరికాలో బయోకెమిస్ట్రీ పీహెచ్‌డీకి ఫీజు కట్టి చేరకండి. అలా చేర్చుకుంటామన్న చోటికి అసలు వెళ్లొద్దు. ఎంఎస్‌కి లక్షల్లో లోన్లు తీసుకునేవాళ్లని చూసీ చూసీ, పీహెచ్‌డీకి కూడా ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టాలేమో అనుకుంటారు మనవాళ్లు. అక్కర్లేదు. ట్యూషన్ మాఫీ, నెలనెలా స్టైపెండ్, హెల్త్ ఇన్సూరెన్స్, ఈ మూడూ ఇచ్చే చేర్చుకుంటారు. స్టైపెండ్ ఊరిని బట్టి మారుతుంది కానీ సాధారణంగా ఏడాదికి 30 వేల నుంచి 45 వేల డాలర్ల మధ్య ఉంటుంది. పొదుపుగా ఉంటే బతికేయొచ్చు, మిగల్చడం కష్టం.

అయితే ఆ డబ్బు అయిదారేళ్లూ ఒకే చోట నుంచి రాదు. మొదటి ఏడాది ప్రోగ్రాం ఇస్తుంది. తర్వాత మీ గైడ్ గ్రాంటులోంచి వస్తుంది. గ్రాంటు అయిపోతే డిగ్రీ పిల్లలకి ల్యాబ్ క్లాసులు చెప్పి సంపాదించుకోవాలి. నేను ఒక స్టేట్ యూనివర్సిటీలో ఈ చదువు చదివి బయటపడ్డాను. ఇప్పుడు నన్నెవరైనా సలహా అడిగితే ర్యాంకింగుల జోలికి పోను. ప్రతి మలుపులోనూ ఒక్క ప్రశ్న అడగమంటాను: ఈ నెల నా జీతం ఎవరిస్తున్నారు? దానికి జవాబు తెలుసుకుంటూ పోతే ఎక్కడ అప్లై చేయాలో, ఏ ల్యాబ్‌లో చేరాలో, ఎప్పుడు డిఫెన్స్ (థీసిస్ మీద కమిటీ ముందు జరిగే ఆఖరి పరీక్ష) పెట్టుకోవాలో సగానికి సగం తేలిపోతుంది.

డిపార్ట్‌మెంట్ ఏ కాలేజీ కింద ఉందో చూడండి

స్టేట్ యూనివర్సిటీ అంటే ప్రైవేటు వాటి తర్వాత చూసుకునేది అన్న భావన ఉంటే ముందు దాన్ని వదిలేయండి. హరగోవింద్ ఖొరానాకి 1968లో నోబెల్ వచ్చేనాటికి ఆయన విస్కాన్సిన్ యూనివర్సిటీలో పనిచేస్తున్నారు. ప్రొటీన్లకి ఫాస్ఫేట్‌ని తగిలించీ తీసేసీ కణం వాటిని ఎలా అదుపు చేస్తుందో చూపించి 1992లో నోబెల్ అందుకున్న ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్, కొత్త ప్రొటీన్లు డిజైన్ చేసినందుకు 2024లో అందుకున్న డేవిడ్ బేకర్, ముగ్గురూ యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ వాళ్లే. ఇవన్నీ ప్రభుత్వ యూనివర్సిటీలు.

స్టేట్ యూనివర్సిటీల్లో చాలావాటికి వ్యవసాయ మూలాలున్నాయి. 1862లో వచ్చిన మోరిల్ చట్టం, వ్యవసాయం, ఇంజినీరింగ్ నేర్పే కాలేజీలు పెట్టుకోమని రాష్ట్రాలకి ప్రభుత్వ భూములిచ్చింది. అందుకే ఇప్పటికీ విస్కాన్సిన్‌లో, టెక్సస్ ఏ అండ్ ఎంలో బయోకెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ వ్యవసాయ కాలేజీ కిందే ఉంటుంది. 1933 ఫిబ్రవరిలో ఒక రైతు మంచు తుఫానులో బండి వేసుకుని విస్కాన్సిన్ క్యాంపస్‌కి వచ్చాడు. వెంట చచ్చిపోయిన పెయ్య, గడ్డకట్టని రక్తంతో నిండిన పాల క్యాను. పాడైన స్వీట్ క్లోవర్ గడ్డి మేసిన పశువులు నెత్తురు ఆగక చచ్చిపోతున్నాయి. అతను తలుపు తట్టింది కార్ల్ పాల్ లింక్ అనే బయోకెమిస్టు ల్యాబ్‌ది. ఆ గడ్డిలోంచి లింక్ బృందం డైకుమరాల్‌ని వేరుచేసింది, దాని దారిలోనే వార్ఫరిన్ పుట్టింది. ముందు ఎలుకల మందుగా, తర్వాత గుండె రోగులకి రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రగా. వార్ఫరిన్ ఇంగ్లీషు పేరులో మొదటి నాలుగక్షరాలు (WARF) ఆ యూనివర్సిటీ పేటెంట్లు చూసుకునే ఫౌండేషన్‌వి. వ్యవసాయ కాలేజీలో బయోకెమిస్ట్రీ ఏంటని మొహం చిట్లించే బంధువులకి ఈ కథ చెప్పండి.

ఇక అసలు విషయం. డిపార్ట్‌మెంట్ ఎక్కడుందన్నదాన్ని బట్టి మీకు జీతం వచ్చే దారి మారుతుంది. మెడికల్ స్కూల్ కింద ఉంటే అక్కడ డిగ్రీ పిల్లలు తక్కువ, టీచింగ్ పని తక్కువ. జీతం దాదాపు మొత్తం గ్రాంట్ల మీద ఆధారపడుతుంది. కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌లో ఒక భాగంగా ఉంటే జనరల్ కెమిస్ట్రీ ల్యాబులు నడపడానికి వాళ్లకి మనుషులు కావాలి. టీచింగ్ ఎక్కువ, కానీ గ్రాంటు పోయినా వీధిన పడరు. వ్యవసాయ, సైన్స్ కాలేజీల్లో ఈ రెండింటికీ మధ్యస్థంగా ఉంటుంది. ఏది మంచిదని అడిగితే, రీసెర్చికి ఎక్కువ సమయం దొరుకుతుంది కాబట్టి మెడికల్ స్కూలే అంటారు చాలామంది. నేనైతే టీచింగ్ అందుబాటులో ఉన్న చోటునే ఎంచుకుంటాను. 2025 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్, గ్రాంటుతో పాటు యూనివర్సిటీలకిచ్చే పరోక్ష ఖర్చుల్ని (బిల్డింగులు, కరెంటు, ఆఫీసు లాంటివి) 15 శాతానికి కుదిస్తానని ప్రకటించగానే, కోర్టులు దాన్ని ఆపినా, ఎన్నో బయాలజీ ప్రోగ్రాంలు సీట్లు తగ్గించుకున్నాయి. గ్రాంటు ఒక్కదాన్నే నమ్ముకుంటే ఎలా ఉంటుందో ఆ వసంతంలో అందరికీ తెలిసొచ్చింది.

స్టేట్ యూనివర్సిటీల్లోనే ఉండే ఇంకో మెలిక: బయటి రాష్ట్రం వాళ్లకి ట్యూషన్ ఎక్కువ. అమెరికా విద్యార్థి ఒక ఏడాది అక్కడ ఉండి స్థానికుడు అయిపోతాడు. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చిన మనం సాధారణంగా అలా కాలేం. ఆ తేడా మీ జేబులోంచి పోదు, ప్రోగ్రామో గైడో కడతారు. కాలిఫోర్నియా యూనివర్సిటీ వ్యవస్థలో అది ఏడాదికి 15 వేల డాలర్ల పైచిలుకు. అంటే వాళ్లకి మీరు అమెరికా విద్యార్థి కంటే అంత ఖరీదు. దీనికి తోడు ఎన్‌ఐహెచ్ ఇచ్చే టీ32 ట్రైనింగ్ గ్రాంట్లు అమెరికా పౌరులకీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే. మొదటి ఏడాది స్టైపెండు దానిలోంచి ఇచ్చే ప్రోగ్రాంలో మీకు వేరే డబ్బు వెతకాలి. అందుకే బర్క్‌లీ లాంటి చోట మీరెంత బాగా రాసినా విదేశీ సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి. రిజెక్ట్ అయితే మీ తెలివిని అనుమానించుకోకండి. అప్లై చేసే ముందు ప్రోగ్రాం వెబ్‌సైట్‌లో ఇప్పుడు చదువుతున్న విద్యార్థుల పేజీ తీసి, ఎంతమంది బయటి దేశాల్లో డిగ్రీ చేసి వచ్చారో చూడండి. అయిదేళ్ల బ్యాచుల్లో ఒక్కరు కూడా లేకపోతే ఆ అప్లికేషన్ ఫీజు మిగుల్చుకోండి.

దరఖాస్తు

గడువులు చాలాచోట్ల డిసెంబర్ 1 చుట్టూ ఉంటాయి, చేరేది ఆ తర్వాతి ఆగస్టులో. జూలైలో మొదలుపెడితే టెన్షన్ లేకుండా సాగుతుంది. ఒక్కో అప్లికేషన్ 75 నుంచి 150 డాలర్ల దాకా లాగుతుంది కాబట్టి ఏడెనిమిది చోట్లకి మించి వేయొద్దు. మూడేళ్ల బీఎస్సీ మాత్రమే ఉంటే చాలాచోట్ల నాలుగేళ్ల డిగ్రీ కింద లెక్కలోకి రాదు, ఎమ్మెస్సీ ఉండాలి. ఎమ్మెస్సీ ఉందని పీహెచ్‌డీ ఒక ఏడాది తగ్గుతుందనుకోకండి. అరకొర క్రెడిట్లు కలుస్తాయేమో కానీ ల్యాబ్‌లో పట్టే కాలం అంతే. జీఆర్‌ఈని బయోకెమిస్ట్రీ ప్రోగ్రాంలు చాలావరకు తీసేశాయి. తీసేసిన చోట దాని కోసం డబ్బూ కాలమూ పెట్టకండి. టోఫెల్‌లో మాత్రం స్పీకింగ్ భాగం మీద శ్రద్ధ పెట్టండి. టీచింగ్ అసిస్టెంట్‌గా నిలబెట్టాలంటే దానికి విడిగా కనీస స్కోరు అడిగే స్టేట్ యూనివర్సిటీలు చాలా ఉన్నాయి. మళ్లీ అదే ప్రశ్న: ఆ స్కోరు లేకపోతే మీకు జీతమిచ్చే ఒక దారి మూసుకున్నట్టే.

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. నా దగ్గరికి చూడమని వచ్చేవి పదింట తొమ్మిది చిన్నప్పుడు సైన్స్ మీద కలిగిన ఆసక్తితో మొదలవుతాయి. అడ్మిషన్ కమిటీలో కూర్చునే ప్రొఫెసర్ అలాంటివి వరసగా చదివి చదివి అలిసిపోయి ఉంటారు. మీ మొదటి పేరా ఒక ప్రయోగంతో మొదలవ్వాలి. అది విజయవంతమైనదే కానక్కర్లేదు. మీరొక జింక్ ఎంజైమ్‌ని ఈ.కోలైలో తయారుచేశారనుకుందాం. 37 డిగ్రీల దగ్గర ప్రొటీన్ అంతా ఇన్‌క్లూజన్ బాడీల్లోకి పోయి అడుగున ముద్దయింది. 18 డిగ్రీలకి తగ్గించి, ప్రొటీన్ తయారీని మొదలుపెట్టించే ఐపీటీజీ తక్కువ వేసి, రాత్రంతా ఉంచితే కరిగింది. కానీ పనిచేయలేదు. బఫర్లు ఒక్కొక్కటీ తిరగేస్తే ఈడీటీఏ ఉన్న బఫర్‌లో డయాలిసిస్ చేసినట్టు తేలింది, అది జింక్‌ని లాగేసింది. జింక్ తిరిగి కలిపితే యాక్టివిటీ వచ్చింది. ఇది ఆరు వాక్యాలు. మీరు ఒక తేడా గమనించి, కారణం ఊహించి, పరీక్షించారని చదివేవాళ్లకి అర్థమైపోతుంది. "ప్రొటీన్ ప్యూరిఫికేషన్‌లో నైపుణ్యం ఉంది" అన్న వాక్యం ఆ పని చేయలేదు.

రెకమెండేషన్ లెటర్లు మూడు కావాలి. హెచ్‌ఓడీ హోదా చూసి ఆయన్నే అడగాలనిపిస్తుంది. ఆయనకి మీ హాజరు పట్టీ తప్ప ఏం తెలుసు? మిమ్మల్ని బెంచ్ దగ్గర చూసినవాళ్లని అడగండి, వాళ్లు చిన్న ఉద్యోగంలో ఉన్నా సరే. "నువ్వే రాసి తీసుకురామ్మా, సంతకం పెడతా" అంటారు కొందరు. మూడు లెటర్లూ ఒకే చెయ్యి రాసినట్టు ఉంటే కమిటీకి ఇట్టే తెలిసిపోతుంది. లెటర్ రాసివ్వకుండా, మీరు ఆయన దగ్గర చేసిన పని, తప్పిపోయి సరిచేసుకున్న సంఘటన, వచ్చిన ఫలితం ఒక పేజీలో రాసిచ్చి, దాన్ని చూసి రాయమని బతిమాలండి.

ప్రొఫెసర్లకి మెయిళ్లు పంపాలా అని అందరూ అడుగుతారు. రొటేషన్లు (మొదటి ఏడాది కొన్ని ల్యాబుల్లో కొన్నాళ్ల చొప్పున పనిచేసి చూడటం) ఉన్న ప్రోగ్రాంలలో సీటు ఇచ్చేది కమిటీ, ప్రొఫెసర్ ఒక్కరే కాదు. "రెస్పెక్టెడ్ సర్, మీ ఎస్టీమ్డ్ ల్యాబ్‌లో" అంటూ యాభై మందికి ఒకటే మెయిల్ కొట్టడం వృథా. ఇద్దరు ముగ్గురికి మాత్రం, వాళ్ల ఇటీవలి పేపర్ నిజంగా చదివి, అయిదు లైన్లలో ఒక్క ప్రశ్న అడగండి: వచ్చే ఏడాది రొటేషన్ విద్యార్థుల్ని తీసుకుంటున్నారా? లేదు అన్న జవాబు కూడా మీకు లాభమే.

ఇంటర్వ్యూలు జనవరి నుంచి మార్చి మధ్య. ఒక్కో ప్రొఫెసర్‌తో అరగంట, మనకి ఎక్కువగా జూమ్‌లోనే. మీ ప్రాజెక్టుని రెండు నిమిషాల్లో, తర్వాత పది నిమిషాల్లో చెప్పడం అద్దం ముందు కాకుండా మనిషి ముందు సాధన చేయండి. వాళ్లు మీ కంట్రోల్ ప్రయోగాల గురించే అడుగుతారు.

ఆఫర్ లెటర్ చదవడం

మా చెల్లెలి క్లాస్‌మేట్ ఒకమ్మాయి మార్చిలో ఫోన్ చేసింది.

"అక్కా, 27 వేలు ఇస్తామన్నారు. ఇంకోచోట 33 వేలు. 33 వాళ్లకే ఓకే చెప్పేయనా?"

"27 వేలు ఎన్ని నెలలకి?"

"అదేంటక్కా, ఏడాదికేగా?"

"లెటర్‌లో నైన్ మంత్ అపాయింట్‌మెంట్ అని ఉందేమో చూడు."

కాసేపు నిశ్శబ్దం. ఉంది. ఆ 27 వేలు తొమ్మిది నెలలకి, వేసవికి విడిగా తొమ్మిది వేలు గ్యారంటీ అని రెండో పేజీలో రాసుంది. అంటే 36. అటు 33 వేలు పన్నెండు నెలలకి, పైగా అక్కడ అద్దెలు ఎక్కువ. ఉల్టా కూడా జరుగుతుంది: తొమ్మిది నెలల అంకె పెద్దగా చూపించి వేసవి సంగతి రాయని లెటర్లు ఉన్నాయి. అలాంటప్పుడు ఆ రోజే మెయిల్ పెట్టి రాతపూర్వకంగా అడగాలి. ఇలా అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం వద్దు, అమెరికా పిల్లలు సిగ్గుపడకుండా అడుగుతారు.

లెటర్‌లో చూడాల్సినవి ఇంకొన్ని. ట్యూషన్ మాఫీలో యూనివర్సిటీ ఫీజులు కలిశాయా? చాలా స్టేట్ యూనివర్సిటీలు ట్యూషన్ తీసేసి స్టూడెంట్ ఫీజు, ఇంటర్నేషనల్ ఫీజు అంటూ మీ నుంచి వసూలు చేస్తాయి, ఏడాదికి వెయ్యి డాలర్లు దాటే చోట్లు కూడా ఉన్నాయి. ఇన్సూరెన్స్ ప్రీమియం పూర్తిగా వాళ్లదేనా? గ్యారంటీ ఎన్నేళ్లు? "అయిదేళ్లు, సంతృప్తికరంగా ప్రగతి చూపిస్తే" అని ఉంటే మంచిదే. "మొదటి ఏడాదికి" అని మాత్రమే ఉంటే రెండో ఏడాది నుంచి ఎవరిస్తారో అడగండి.

చాలా యూనివర్సిటీలు ఒక ఒప్పందం మీద సంతకం చేశాయి: ఆర్థిక సాయంతో ఇచ్చిన ఆఫర్‌కి ఏప్రిల్ 15లోపు జవాబు చెప్పమని ఒత్తిడి పెట్టకూడదు. అప్పటిదాకా ఆలోచించుకునే హక్కు మీకుంది. అలాగని మూడు ఆఫర్లు చేతిలో పట్టుకుని కూర్చోకండి, వద్దనుకున్నది వెంటనే వదిలేస్తే వెయిటింగ్ లిస్టులో ఉన్న ఇంకొకరికి దక్కుతుంది.

వెళ్లేటప్పుడు రెండు నెలల ఖర్చుకి సరిపడా డబ్బు తీసుకెళ్లండి. ఆగస్టులో దిగితే మొదటి జీతం సెప్టెంబర్ చివరికో అక్టోబర్ మొదటికో పడుతుంది, ఇంటి అడ్వాన్సు మాత్రం దిగిన రోజే అడుగుతారు.

రొటేషన్లు: ల్యాబ్ ఎంచుకోవడం

నన్నడిగితే పీహెచ్‌డీ మొత్తంలో ఇదే అసలు పరీక్ష. మొదటి ఏడాది సాధారణంగా మూడు ల్యాబుల్లో, ఒక్కోదాంట్లో రెండు నెలలు అటూఇటూ పనిచేస్తారు. చివర్లో ఒకటి ఎంచుకుంటారు, వాళ్లూ మిమ్మల్ని ఒప్పుకోవాలి.

మన పిల్లలు రొటేషన్‌లో డేటా తీసి చూపించాలని రాత్రింబవళ్లు పడిపోతారు. రెండు నెలల్లో క్లోనింగే పూర్తికాదు. ఆ కాలాన్ని మనుషుల్ని గమనించడానికి వాడండి. గ్రూప్ మీటింగ్‌లో ఒక విద్యార్థి ప్రయోగం చెడిందని చెప్పినప్పుడు పీఐ (ల్యాబ్ నడిపే ప్రొఫెసర్) మొహం ఎలా మారింది? తర్వాత ఏం చేద్దామంటారా, ఎందుకు చెడగొట్టావంటారా? ఇద్దరు విద్యార్థుల్ని ఒకే ప్రాజెక్టు మీద పోటీకి పెట్టారా? నాలుగో ఏడాదిలో ఉన్నవాళ్లు మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటున్నారా, బెంచ్ దగ్గరే నిలబడి కానిచ్చేస్తున్నారా? ల్యాబ్ వదిలి వెళ్లిపోయినవాళ్లని వెతికి పట్టుకుని మాట్లాడండి. ఉన్నవాళ్లు చెప్పనిది వాళ్లు చెబుతారు.

ఇక డబ్బు. ఎన్‌ఐహెచ్ రిపోర్టర్ అనే వెబ్‌సైట్‌లో ప్రొఫెసర్ పేరు కొడితే వాళ్లకున్న ఎన్‌ఐహెచ్ గ్రాంట్లు, ఎంత డబ్బు, ఎప్పుడు మొదలు, ఎప్పుడు ముగింపు, అన్నీ కనిపిస్తాయి. సైన్స్ పరిశోధనకి డబ్బిచ్చే ఇంకో ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎస్‌ఎఫ్‌కీ అలాంటి వెతుకులాట ఉంది. ఆర్01 అనే ప్రధాన గ్రాంటు మామూలుగా నాలుగైదేళ్లు. మీరు చేరేనాటికి అది ఆఖరి ఏడాదిలో ఉండి, పక్కన ఇంకోటి లేకపోతే ఆ ల్యాబ్ మీకు మూడో ఏడాది జీతం ఇస్తుందో లేదో ఎవరికీ తెలియదు. నాకు బాగా నచ్చిన రొటేషన్ ల్యాబ్ అలాంటిదే. సైన్స్ అద్భుతం, పీఐ బంగారం, గ్రాంటు మాత్రం పదకొండు నెలల్లో ముగుస్తోంది. నేరుగా వెళ్లి అడిగాను: రెన్యువల్ రాకపోతే నా సంగతేంటి? ఆయన నొచ్చుకోలేదు. "నువ్వు ప్రతి సెమిస్టర్ టీచింగ్ చేయాల్సి రావొచ్చు, నీకిష్టమైతేనే రా" అన్నారు. వెళ్లలేదు. అలా నిజం చెప్పే మనిషి అరుదు, అందుకే ఇప్పటికీ ఆయనకి మెయిల్ పెడుతుంటాను.

కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర ల్యాబ్ పెట్టుకోమని యూనివర్సిటీ ఇచ్చిన స్టార్టప్ డబ్బుంటుంది, ఆయనే బెంచ్ దగ్గర నిలబడి నేర్పిస్తారు, కానీ టెన్యూర్ (ఉద్యోగం శాశ్వతం కావడం) గడియారం ఆయన నెత్తిన తిరుగుతుంటుంది, ఆ ఒత్తిడి మీ మీదికీ దిగుతుంది. పేరున్న పెద్దాయన దగ్గర డబ్బుకి లోటుండదు, మిమ్మల్ని నెలకోసారి చూస్తారు, అసలు నేర్పేది పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయ్యాక ల్యాబ్‌లో పనిచేసే పరిశోధకుడు. టెన్యూర్ ఈమధ్యే వచ్చి, రెండో గ్రాంటు ఉన్న మధ్య వయసు ప్రొఫెసర్ దొరికితే వదలకండి అంటాను.

ఒకవేళ చేరాక పొసగకపోతే? గైడ్‌ని వదిలితే వీసా పోతుందని భయపడి ఏళ్ల తరబడి నలిగిపోయినవాళ్లని చూశాను. ఎఫ్-1 హోదా గైడ్ చేతిలో ఉండదు, మీరు పూర్తికాల విద్యార్థిగా నమోదై ఉండటంలో ఉంటుంది. పోయేది జీతం దారి మాత్రమే, అది కూడా చాలా ప్రోగ్రాంలు కొత్త ల్యాబ్ దొరికేదాకా ఒక సెమిస్టర్ సర్దుతాయి. ముందు ప్రోగ్రాం డైరెక్టర్‌తో, ఇంటర్నేషనల్ ఆఫీసుతో మాట్లాడండి. గుట్టుగా వినే ఆంబుడ్స్ ఆఫీసు చాలా క్యాంపస్‌లలో ఉంటుంది. కొన్ని స్టేట్ యూనివర్సిటీల్లో విద్యార్థి ఉద్యోగులకి యూనియన్లూ ఉన్నాయి. విస్కాన్సిన్‌లో టీచింగ్ అసిస్టెంట్ల సంఘం 1966లోనే పుట్టింది, కాలిఫోర్నియాలో 2022 చివర్లో దాదాపు 48 వేల మంది సమ్మె చేసి స్టైపెండ్లు పెంచుకున్నారు.

టీచింగ్

వారానికి 20 గంటలకి మించి పని చేయించకూడదు, క్లాసులు నడిచే రోజుల్లో ఎఫ్-1 వాళ్లకి చట్టం కూడా అదే చెబుతుంది. మెడిసిన్ సీటు కోసం చదివే పిల్లలు అర మార్కు కోసం మీ ఆఫీసు ముందు క్యూ కడతారు. దిద్దే ముందే ఏ స్టెప్పుకి ఎన్ని మార్కులో కాగితం మీద రాసుకుని, వాళ్లకే చూపించండి. వాదన అక్కడితో ఆగిపోతుంది. యాస గురించి దిగులొద్దు. నెమ్మదిగా మాట్లాడి, ముఖ్యమైన ప్రతి మాటా బోర్డు మీద రాస్తే చాలు. ఎంజైమ్ వేగాన్ని లెక్కగట్టే మైకేలిస్-మెంటెన్ సమీకరణాన్ని ఇరవై మందికి అర్థమయ్యేలా చెప్పినవాళ్లు క్వాలిఫయింగ్ పరీక్షలో తడబడరు.

క్వాలిఫయింగ్ పరీక్ష

రెండో ఏడాదిలో, కొన్నిచోట్ల మూడో ఏడాది మొదట్లో. గ్రాంటు దరఖాస్తు పద్ధతిలో ఒక ప్రతిపాదన రాసి, నలుగురైదుగురు ప్రొఫెసర్ల ముందు రెండు గంటలు నిలబడాలి. వాళ్లు మీ ప్రాజెక్టుతో మొదలుపెట్టి ఇంటర్ బైపీసీ పిల్లలు చదివేదాకా దిగుతారు. పీహెచ్ 7.4 దగ్గర ఈ బఫరే ఎందుకు? దాని పీకేఏ ఎంత? ఈ కేడీ (రెండు అణువులు ఎంత గట్టిగా అతుక్కుంటాయో చెప్పే అంకె) మైక్రోమోలార్‌లో ఉంటే కణంలో ఆ ప్రొటీన్ సాంద్రతకి అది అర్థవంతమేనా? ఈ బ్యాండు 50 కిలోడాల్టన్ల దగ్గర కనిపిస్తే అది మీ ప్రొటీనే అని ఎలా చెప్పగలరు? మీ ప్రతిపాదనలో వాడిన ప్రతి పద్ధతీ లోపల ఎలా పనిచేస్తుందో తెలియాలి, కిట్టు మీద రాసింది చాలదు. సీనియర్లని కూర్చోబెట్టి, స్లైడ్లు లేకుండా, మార్కర్ ఒక్కటీ పట్టుకుని రెండు మూడుసార్లు నమూనా పరీక్ష పెట్టించుకోండి. తెలియనప్పుడు తెలియదని చెప్పి, తెలుసుకోవడానికి ఏ ప్రయోగం చేస్తారో చెప్పండి. వాళ్లకి కావాల్సింది అదే.

పాసైతే క్యాండిడేట్ అవుతారు. దీనికో డబ్బు కోణం ఉంది. కాలిఫోర్నియాలో క్యాండిడేట్ అయిన పీహెచ్‌డీ విద్యార్థికి బయటివాళ్ల అదనపు ట్యూషన్‌ని మూడేళ్ల దాకా పూర్తిగా ఎత్తేస్తారు. మీ గైడ్ మీ పరీక్ష గురించి మీకంటే ఎక్కువ ఆత్రపడితే ఆశ్చర్యపోకండి.

మధ్య ఏళ్లు

మూడో ఏడాదీ నాలుగో ఏడాదీ అందరికీ బురదలో నడకే. క్లాసులుండవు, పరీక్షలుండవు, పేపర్ ఇంకా రాదు. ఆ రోజుల్లో నిలబెట్టేవి చిన్న చిన్న అలవాట్లు. ఎవరి దగ్గర్నుంచి ప్లాస్మిడ్ వచ్చినా ముందు సీక్వెన్సింగ్‌కి పంపండి, ఎంత పెద్ద ల్యాబ్ నుంచి వచ్చినా సరే. సెల్ కల్చర్ చేస్తుంటే మైకోప్లాస్మా (కంటికి కనబడకుండా కల్చర్‌ని పాడుచేసే బ్యాక్టీరియా) పరీక్ష క్రమం తప్పకుండా చేయించండి. ప్రొటీన్లని సైజుని బట్టి వేరుచేసే 24 మిల్లీలీటర్ల సూపర్‌డెక్స్ 200 కాలమ్‌లో ఎనిమిది మిల్లీలీటర్ల దగ్గర పెద్ద పీక్ వస్తే సంబరపడకండి, అది వాయిడ్ (మరీ పెద్దవన్నీ ముందే బయటికొచ్చేసే చోటు), మీ ప్రొటీన్ ముద్దకట్టిందని అర్థం. నోట్‌బుక్‌లో పనిచేసినవాటికంటే పనిచేయనివి వివరంగా రాయండి. మైనస్ 80 ఫ్రీజర్‌లో పెట్టే ప్రతి ట్యూబు మీదా తేదీ, ప్రొటీన్, సాంద్రత, బఫర్ రాయండి. రెండేళ్ల తర్వాత "కొత్తది" అని రాసున్న ట్యూబు ఎవరికీ పనికిరాదు.

ప్రధాన ప్రాజెక్టు పక్కన చిన్నదొకటి, తక్కువ రిస్కున్నది, పెట్టుకోండి. ఏఐ ప్రోగ్రాం ఆల్ఫాఫోల్డ్ ఇచ్చే ప్రొటీన్ల ఊహా నిర్మాణాలు ఉచితంగా దొరుకుతున్న ఈ రోజుల్లో, ఒక అమైనో ఆమ్లాన్ని మార్చి ఎంజైమ్ వేగం ఎలా మారుతుందో చూసే పని ఎప్పుడూ దొరుకుతుంది. కమిటీ మీటింగ్ ఏడాదికోసారి తప్పక పెట్టించండి, గైడ్ అక్కర్లేదన్నా పెట్టించండి. మీరు అయిదో ఏడాదిలో బయటపడాలని కోరుకునేవాళ్లు గైడ్ కాక ఇంకా ముగ్గురు నలుగురు ఉన్నారని రికార్డులో ఉండాలి.

పన్నుల మాట ఒకటి. మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలు పన్నుల లెక్కలో మీరు నాన్‌రెసిడెంట్. ఫారం 8843, 1040-ఎన్‌ఆర్ దాఖలు చేయాలి, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కోతలు ఉండవు. అన్ని దేశాలకీ లేని సౌకర్యం భారతీయ విద్యార్థులకి ఒకటుంది: పన్ను ఒప్పందం 21వ ఆర్టికల్ ప్రకారం స్టాండర్డ్ డిడక్షన్ తీసుకోవచ్చు. 2024కి అది 14,600 డాలర్లు. మామూలు సాఫ్ట్‌వేర్‌తో రెసిడెంట్ ఫారం నింపేసి తర్వాత సవరించుకునేవాళ్లు ప్రతి ఏడాదీ కనబడతారు.

ముగించడం

ఎప్పుడు ముగించాలన్నది కూడా డబ్బు ప్రశ్నే. గైడ్‌కి మీరు అయిదో ఏడాదిలో అన్నీ వచ్చిన పనిమంతులు, ఆరో ఏడాది ఉంచుకోవాలనిపించడం సహజం. నాలుగో ఏడాది చివర్లోనే కమిటీ ముందు థీసిస్ అధ్యాయాల జాబితా పెట్టి, ఏవి పూర్తయితే రాయడం మొదలుపెట్టొచ్చో రాతలో తీసుకోండి. ఒక ఫస్ట్ ఆథర్ పేపర్ ఉండాలన్న నియమం మీ ప్రోగ్రాంలో ఉందో లేదో చూసుకోండి. జర్నల్ ఆలస్యం చేస్తుంటే బయోఆర్కైవ్‌లో (అచ్చవకముందే పేపర్లు అందరికీ పెట్టే వెబ్‌సైట్) పెట్టడానికి గైడ్‌ని ఒప్పించండి.

డిఫెన్స్ తేదీకి వెనక్కి లెక్కపెట్టండి. కమిటీకి థీసిస్ రెండు వారాల ముందు ఇవ్వాలి అంటారు, నాలుగు వారాలు పెట్టుకోండి. డిఫెన్స్ తర్వాత సవరణలు, గ్రాడ్యుయేట్ స్కూల్‌కి అప్పగింత. ఆ గడువు ఒక్క రోజు దాటితే ఇంకో సెమిస్టర్ నమోదు కావాల్సి రావొచ్చు. ఆ సెమిస్టర్ ట్యూషన్ ఎవరు కడతారో ముందే అడిగి పెట్టుకోండి. ఓపీటీ (చదువయ్యాక అమెరికాలో పనిచేయడానికిచ్చే అనుమతి) దరఖాస్తు, యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం మీది ముగింపు తేదీకి 90 రోజుల ముందు నుంచి, ఆ తర్వాత 60 రోజుల వరకు వేయొచ్చు. ఆలస్యం చేయకండి, కార్డు రావడానికి నెలలు పడుతుంది, అది చేతికొచ్చేదాకా కొత్త ఉద్యోగంలో చేరడానికి లేదు. 12 నెలల ఓపీటీ, బయోకెమిస్ట్రీకి ఇంకో 24 నెలల పొడిగింపు. ఆ మొదటి 12 నెలల్లో మొత్తం 90 రోజులకి మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు కాబట్టి పోస్ట్‌డాక్ అయినా కంపెనీ అయినా డిఫెన్స్‌కి ఆరు నెలల ముందే వెతకడం మొదలుపెట్టండి. డిఫెన్స్ అయ్యాక ఐ-20 తేదీ దాకా మీ గైడ్ జీతం ఇస్తారా, లేక డిఫెన్స్ రోజుతోనే ఆపేస్తారా అన్నది కూడా ఆ ఆరు నెలల ముందే కనుక్కోండి.